ఎనిమిది గుర్రాలు, ఒక దుప్పటి: లకోటా పెద్ద క్రో డాగ్ జీవిత కథ



ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు మనం జెండా ఎగరేస్తాం, ర్యాలీ తీస్తాం, తుడుం మోగిస్తాం. రాంజీ గోండును, కొమురం భీమ్‌ను, బిర్సా ముండాను తలచుకుంటాం. వాళ్ల కథలు మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఈసారి సంచికలో సముద్రాల అవతల పుట్టిన ఒక ఆదివాసీ కథ చెప్పాలనుకున్నాం. ఆయన పేరు క్రో డాగ్. అమెరికాలోని లకోటా జాతివాడు.

ముందే ఒక మాట చెప్పాలి. క్రో డాగ్ మచ్చ లేని వీరుడు కాదు. తన సొంత జాతి నాయకుణ్ణి తుపాకీతో కాల్చి చంపినవాడు. అలాంటివాడి కథ స్మారక సంచికలో ఎందుకని మీరు అడగవచ్చు. మన మనిషి మన మనిషికే అన్యాయం చేస్తే తీర్పు ఎవరు చెప్పాలి, ఆ తీర్పు దేనికోసం చెప్పాలి అన్న ప్రశ్న ఆయన వల్లే ఒక పెద్ద దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. మన గూడేల్లో పెద్దల పంచాయతీ కూర్చున్న ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న కూడా అదే.

గడ్డి మైదానాల్లో బాల్యం

క్రో డాగ్ 1833 ప్రాంతంలో పుట్టాడు. లకోటా భాషలో ఆయన పేరు కాంగీ షుంకా. లకోటాలలో ఏడు శాఖలున్నాయి. మనలో గోత్రాలు, గట్లు ఉన్నట్టే వాళ్లకూ ఎవరి శాఖ వారిదే, ఎవరి పెద్దలు వారే. క్రో డాగ్ ది సిచాంగు శాఖ. తెల్లవాళ్లు ఈ శాఖను బ్రూలే అని పిలిచేవారు.

ఆయన చిన్నతనంలో లకోటాలు అడవి దున్నల వెంట మైదానాల్లో తిరుగుతూ బతికేవారు. తిండి, బట్ట, గుడారం అన్నీ దున్న నుంచే వచ్చేవి. గుర్రమే ఆస్తి. ఎవరికి ఎన్ని గుర్రాలున్నాయన్నది కాదు, ఎన్ని పంచిపెట్టాడన్నదే అక్కడ గొప్పతనానికి కొలత. ఇది గుర్తుంచుకోండి. తర్వాత జరిగిన రాజీలో గుర్రాలు ఎందుకు వచ్చాయో అప్పుడు అర్థమవుతుంది.

ఆయన యువకుడయ్యే నాటికి తెల్లవాళ్ల బండ్లు, సైన్యం, రైలు ఆ మైదానాల్లోకి వచ్చేశాయి. 1868లో ఫోర్ట్ లారమీ అనే చోట అమెరికా ప్రభుత్వానికీ లకోటాలకూ ఒప్పందం జరిగింది. బ్లాక్ హిల్స్ అనే పవిత్రమైన కొండలతో సహా పెద్ద భూభాగం లకోటాలదేనని అందులో రాశారు. ఆరేళ్లకే, 1874లో, ఆ కొండల్లో బంగారం ఉందని తెలిసింది. వేలమంది తెల్లవాళ్లు ఎగబడ్డారు. 1876లో యుద్ధం జరిగింది. 1877లో ఒక చట్టం చేసి ప్రభుత్వం ఆ కొండలను లాగేసుకుంది. ఒప్పందం కాగితం మీద మిగిలింది, కొండ చేతిలోంచి పోయింది. ఈ ముక్క మనకు వివరించి చెప్పనక్కరలేదు.

ఏజెన్సీ, ఏజెంటు, పోలీసు

1878 నుంచి సిచాంగులను రోజ్‌బడ్ అనే చోట ఉంచారు. అది నేటి సౌత్ డకోటా రాష్ట్రంలో ఉంది. అలాంటి ప్రాంతాన్ని అమెరికాలో రిజర్వేషన్ అంటారు. మనం చదువులో, ఉద్యోగంలో వాడే రిజర్వేషన్ అన్న మాటకూ దీనికీ సంబంధం లేదు. ఒక జాతికి ఇంత భూమి అని హద్దు గీసి, అందులోనే ఉండమని చెప్పిన చోటు అది.

దాన్ని నడిపించే సర్కారు కార్యాలయాన్ని ఏజెన్సీ అనేవారు. ఆ మాట మాత్రం మనకు కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకు ఒక ప్రత్యేక చట్టం చేసి, అక్కడి సివిల్, క్రిమినల్ అధికారాలన్నీ ఏజెంటు చేతిలో పెట్టింది. మన కొండ ప్రాంతాలకు ఏజెన్సీ అన్న పేరు అలా నిలిచిపోయింది. అక్కడ రేషన్ ఇచ్చేది, పోలీసులను పెట్టేది, ఎవరు మంచి నాయకుడో ఎవరు చెడ్డ నాయకుడో తేల్చేది ఆ ఏజెంటు దొరే.

రోజ్‌బడ్‌లో అప్పటి పెద్ద నాయకుడు స్పాటెడ్ టెయిల్. లకోటా భాషలో సింటే గలేష్కా. యువకుడిగా ఉన్నప్పుడు గొప్ప యోధుడు. తర్వాత తెల్లవాళ్ల బలం చూసి, యుద్ధం చేస్తే జాతి మిగలదని గ్రహించి, మాటలతో పోరాడే దారి ఎంచుకున్నాడు. వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షులతోనే మాట్లాడి వచ్చాడు. 1880లో కార్లైల్ బోర్డింగ్ స్కూలుకు వెళ్లి, అక్కడ తన పిల్లలకు జుట్టు కత్తిరించి సైనికుల బట్టలు తొడిగించడం చూసి, ఆగ్రహంతో వాళ్లను వెనక్కి తెచ్చేసుకున్నాడు.

క్రో డాగ్ కూడా చిన్నవాడేమీ కాదు. సిచాంగులలో ఒక గుంపుకు నాయకుడు. ఏజెన్సీ పోలీసు దళానికి కెప్టెన్‌గా పనిచేశాడు. ఆ ఉద్యోగమే ఆయనను చిక్కులో పడేసింది. పోలీసు ఏజెంటు మాట వినాలి. నాయకుడు జాతి మాట వినాలి. ఇద్దరి మధ్య అధికారం గురించి, డబ్బు గురించి, ఒక స్త్రీ విషయం గురించి తగాదాలు పెరిగాయని చెబుతారు. అసలు కారణం ఏదన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఒకప్పుడు వేట మైదానంలో గుడారాలు విప్పుకుని దూరంగా వెళ్లిపోతే తగువు చల్లారేది. హద్దు గీసిన నేల మీద దూరంగా వెళ్లే దారి లేకపోయింది.

1881 ఆగస్టు 5

ఆ రోజు రోజ్‌బడ్‌లో పెద్దల సభ జరిగింది. సభ ముగిశాక స్పాటెడ్ టెయిల్ గుర్రం మీద ఇంటికి బయలుదేరాడు. క్రో డాగ్ భార్యతో కలిసి బండి మీద ఎదురుగా వస్తున్నాడు. బండి దిగి తుపాకీ పేల్చాడు. స్పాటెడ్ టెయిల్ అక్కడే కూలిపోయాడు. ఆయనే ముందు తన మీదికి వచ్చాడని, ప్రాణం కాపాడుకోవడానికే కాల్చానని క్రో డాగ్ తర్వాత వాదించాడు. కాచుకుని చంపాడని ఎదుటి పక్షం వాదించింది.

ఊరంతా రెండుగా చీలిపోయే క్షణం అది. చనిపోయినవాడు జాతి మొత్తానికి పెద్ద. ఆయన కొడుకులు, అన్నదమ్ములు, అనుచరులు తుపాకులు పట్టుకుంటే ఆ రక్తపాతం ఎక్కడ ఆగేదో చెప్పలేం. మన పల్లెల్లో కూడా ఇద్దరు మనుషుల గొడవ రెండు వంశాల పగగా మారి తరాల పాటు నడిచిన సంగతి మీ పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

లకోటాల పెద్దలు వెంటనే సభ పెట్టారు. శాంతి కుదిర్చే మనుషులను రెండు కుటుంబాల దగ్గరకూ పంపారు. మాటలు జరిగాయి. చివరకు రాజీ కుదిరింది. క్రో డాగ్ కుటుంబం స్పాటెడ్ టెయిల్ కుటుంబానికి 600 డాలర్ల డబ్బు, 8 గుర్రాలు, ఒక దుప్పటి ఇచ్చింది. లకోటా ధర్మం ప్రకారం విషయం అక్కడితో ముగిసింది.

ఆ రాజీ అర్థం ఏమిటి

ఒక నిండు ప్రాణానికి ఎనిమిది గుర్రాలూ, దుప్పటీనా అని మీకు అనిపించవచ్చు. అప్పటి తెల్ల అధికారులకూ అలాగే అనిపించింది. డబ్బిచ్చి హత్య మాఫీ చేయించుకున్నాడన్నారు.

అది మనిషికి కట్టిన ధర కాదు. పోయిన మనిషికి ధర ఉండదని లకోటాలకు మనకంటే తక్కువ తెలియదు. గుర్రం ఇవ్వడమంటే తన బలం, తన గౌరవం ఎదుటి ఇంటికి ఇవ్వడం. దుప్పటి కప్పడమంటే దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరకు వెళ్లడం. ఆ ఇచ్చింది ఒక్క హంతకుడు కాదు, అతని కుటుంబం. అంటే ఇంటివాళ్లంతా తప్పు ఒప్పుకుని బరువు మోశారు. పుచ్చుకున్నవాళ్లు కూడా ఇక తుపాకీ ఎత్తబోమని జాతి ముందు మాట ఇచ్చినట్టే.

మన దగ్గర తప్పు కట్టడం అన్న మాట ఉంది. పెద్దలు తప్పు వేస్తారు, చేసినవాడు కడతాడు, తర్వాత అందరూ కలిసి తింటారు. ఆ కలిసి తినడంలోనే అసలు తీర్పు ఉంది. జరిమానా పుచ్చుకుని పక్కన కూర్చోనివ్వకపోతే అది రాజీ కాదని మన పెద్దలకు తెలుసు. ఈ రోజుల్లో న్యాయశాస్త్రం చదివినవాళ్లు దీనికి పునరుద్ధరణ న్యాయం అని పేరు పెట్టారు. చేసిన హానిని ఒప్పుకోవడం, వీలైనంత పూడ్చడం, తెగిన సంబంధాన్ని మళ్లీ ముడివేయడం దాని పద్ధతి. పేరు కొత్తదైనా పద్ధతి పాతదే.

డెడ్‌వుడ్ కోర్టు

ఏజెంటు ఈ రాజీని లెక్కచేయలేదు. క్రో డాగ్‌ను అరెస్టు చేయించి ఫోర్ట్ నయోబ్రారా అనే సైనిక స్థావరానికి పంపించాడు. అక్కడి నుంచి డెడ్‌వుడ్ పట్టణంలోని కోర్టుకు తీసుకెళ్లారు.

డెడ్‌వుడ్ ఎక్కడుందో తెలుసా? బ్లాక్ హిల్స్‌లో. బంగారం కోసం వచ్చినవాళ్లు లకోటాల పవిత్ర కొండల్లో కట్టుకున్న ఊరు అది. ఒప్పందం ప్రకారం లకోటాలదైన నేలను ఆక్రమించినవాళ్లకు ఏ శిక్షా పడలేదు. ఆ నేల మీదే ఒక లకోటాను బోనులో నిలబెట్టి చట్టం గురించి చెప్పారు.

1882 మార్చిలో విచారణ జరిగింది. తీర్పు చెప్పిన జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. క్రో డాగ్ భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష క్రో డాగ్‌కు రాదు. రెండు కుటుంబాలు రాజీపడిన సంగతికి ఆ కోర్టులో విలువ లేకపోయింది. హత్యానేరం రుజువైందన్నారు. ఉరిశిక్ష వేశారు.

ఇక్కడ లకోటాల ఇళ్లల్లో చెప్పుకునే కథ ఒకటుంది. ఉరికి ముందు ఇంటికి వెళ్లి, సంసారం చక్కబెట్టుకుని, బంధువులకు కడసారి వీడ్కోలు చెప్పి వస్తానని క్రో డాగ్ అడిగాడట. మాట మీద వదిలారట. చెప్పిన రోజుకు రాడనే అందరూ అనుకున్నారట. ఆయన మంచు తుఫానులో కూడా ప్రయాణం చేసి తిరిగి వచ్చి జైలు తలుపు దగ్గర నిలబడ్డాడట. ఈ కథ అమెరికా అంతా పాకింది. తరతరాలుగా చెప్పుకుంటున్నారంటే, ఇచ్చిన మాటకు లకోటాలు ఎంత విలువ ఇస్తారో అందులో కనిపిస్తుంది.

అత్యున్నత న్యాయస్థానం ఏమంది

కేసు వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టుకు వెళ్లింది. తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే. ఆదివాసీ నేల మీద ఒక ఆదివాసీ మరో ఆదివాసీకి చేసిన నేరాన్ని విచారించే అధికారం అమెరికా కోర్టుకు ఉందా? 1877 నాటి ఒప్పందంలోని మాటలతో ఆ అధికారం వచ్చేసిందని ప్రభుత్వం వాదించింది.

1883 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. జస్టిస్ స్టాన్లీ మాథ్యూస్ రాశారు. న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో ఉన్నారు. జాతి లోపల శాంతిని తమ సొంత కట్టుబాట్ల ప్రకారం కాపాడుకునే హక్కు లకోటాలకు ఉందని, పార్లమెంటు స్పష్టమైన చట్టం చేయకుండా ఆ హక్కును తీసేయడం కుదరదని తేల్చారు. డెడ్‌వుడ్ కోర్టుకు ఈ కేసు విచారించే అధికారమే లేదు కాబట్టి ఉరిశిక్ష చెల్లదన్నారు. క్రో డాగ్ విడుదలయ్యాడు.

ఇది పెద్ద గెలుపే. అయితే ఆ తీర్పు రాసిన తీరు కూడా మనం తెలుసుకోవాలి. లకోటాలను సమాన జాతిగా గౌరవించి రాసిన తీర్పు కాదది. వాళ్లది ఇంకా పగకు పగ తీర్చుకునే అనాగరిక స్థితి అని, నాగరికుల కొలతతో వాళ్లను కొలవడం సరికాదని అందులో ధ్వనిస్తుంది. కానీ లకోటాలు చేసింది ఏమిటి? పగ తీర్చుకోలేదు, పగను ఆపారు. ప్రాణానికి ప్రాణం కావాలని పట్టుబట్టింది డెడ్‌వుడ్ కోర్టు. మనల్ని సమర్థించేవాళ్లు కూడా ఒక్కోసారి మనల్ని అర్థం చేసుకోకుండానే సమర్థిస్తారు. చదువుకున్న మన యువత ఈ తేడాను పట్టుకోవడం నేర్చుకోవాలి.

గెలిచిన హక్కు రెండేళ్లలో పోయింది

తీర్పు మీద పత్రికలు, అధికారులు గగ్గోలు పెట్టారు. హంతకుడు తప్పించుకున్నాడని, ఆదివాసులకు చట్టమే లేకుండా పోయిందని ప్రచారం చేశారు. 1885 మార్చిలో అమెరికా పార్లమెంటు మేజర్ క్రైమ్స్ యాక్ట్ అనే చట్టం చేసింది. హత్య, మానభంగం, హత్యాయత్నం, ఇల్లు తగలబెట్టడం, దొంగతనం వంటి ఏడు నేరాలను ఆదివాసీ నేల మీద ఒక ఆదివాసీ మరో ఆదివాసీపై చేసినా ఇకపై అమెరికా కోర్టులే విచారిస్తాయని రాసింది. 1886లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. నేరాల జాబితా తర్వాత పెరిగింది. ఆ చట్టం నేటికీ అమలులో ఉంది.

క్రో డాగ్ తన ప్రాణం దక్కించుకున్నాడు. ఆయన పేరు మీద వచ్చిన కేసును చూపించి మాత్రం ఆయన జాతి చేతిలోని న్యాయదండాన్ని లాగేసుకున్నారు. ఒక మనిషి తొందరపాటు వల్ల జాతి మొత్తం ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు. అలాగే ఒక నేరాన్ని సాకుగా చూపించి అందరి హక్కునూ లాక్కునేవాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంటికి తిరిగి వచ్చాక

క్రో డాగ్ రోజ్‌బడ్‌కు తిరిగి వచ్చాడు. కోర్టు వదిలేసింది కదా అని ఆయన మీద మచ్చ పోలేదు. సొంత జాతి రక్తం చిందించిన పాపం నాలుగు తరాల పాటు తమ ఇంటి మీద ఉంటుందని ఆ కుటుంబం నమ్మింది. నలుగురితో కలిసి ఒకే గిన్నెలో తినకుండా, ఒకే పాత్రతో నీళ్లు తాగకుండా దూరం పాటించారని వాళ్ల వంశంలోని వాళ్లు చెప్పుకుంటూ వచ్చారు. అది ఏ కోర్టూ వేసిన శిక్ష కాదు. బయటి నుంచి పడే శిక్షకు గడువు ఉంటుంది. తప్పు చేశామని తెలిసినవాళ్లు తమకు తామే వేసుకునే శిక్ష అంతకంటే లోతుగా పోతుంది.

ఆయన ఏజెంటుకు ఎప్పుడూ లొంగలేదు. జాతి ఉమ్మడి భూమిని ముక్కలు చేసి ఒక్కొక్కరికి పట్టా ఇచ్చే పథకాన్ని వ్యతిరేకించాడు. 1889లో లకోటాల భూమిని ప్రభుత్వం ముక్కలు చేసింది. ఆకలి, జబ్బులు కమ్ముకున్నాయి. 1890లో ఘోస్ట్ డాన్స్ అనే ఉద్యమం వ్యాపించింది. ఆ నృత్యం చేస్తే చనిపోయిన పూర్వీకులు తిరిగి వస్తారని, దున్నలు తిరిగి వస్తాయని, పాత లోకం మళ్లీ నిలుస్తుందని జనం నమ్మారు. క్రో డాగ్ కూడా అందులో ఒక నాయకుడు. సైన్యం వస్తోందని తెలిసి ఆయన తన వాళ్లతో నిర్మానుష్యమైన గుట్టల్లోకి వెళ్లాడు.

కొన్నాళ్లకు లొంగిపోదామా, పోరాడదామా అని ఆ శిబిరంలో వాదన రేగింది. మాట మాట పెరిగింది. లకోటాలే లకోటాల మీద తుపాకులు ఎత్తారు. అప్పుడు క్రో డాగ్ నేల మీద కూర్చుని, తల మీదుగా దుప్పటి కప్పుకున్నాడు. తన మనుషులు తన మనుషులను చంపుకోవడం కళ్లతో చూడలేనని అలా చేశాడని చరిత్రకారులు రాశారు. అది చూసి తుపాకులు దిగాయి. ఆయన తన వెంట ఉన్నవాళ్లతో ఏజెన్సీ వైపు బయలుదేరాడు.

1890 డిసెంబరు 29న వూండెడ్ నీ అనే వాగు దగ్గర సైన్యం మరో లకోటా గుంపు మీద కాల్పులు జరిపింది. ఆడవాళ్లు, పిల్లలతో సహా 250 మందికి పైగా చనిపోయారు. 1881లో తమ్ముడిలాంటి వాడు అన్నలాంటి వాణ్ణి చంపితే ఉరి వేయాలన్న ప్రభుత్వం, ఈ కాల్పులు జరిపిన సైనికులలో కొందరికి పతకాలు ఇచ్చింది.

క్రో డాగ్ ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. ఎవరూ ఆయనను పగ పట్టి చంపలేదు. తాను చంపిన నాయకుడి బంధువులు ఉన్న రోజ్‌బడ్‌లోనే, ముసలివాడై కన్నుమూశాడు. ఎనిమిది గుర్రాలు, ఒక దుప్పటి నిలబెట్టిన శాంతి ఎన్నాళ్లు నిలిచిందో అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ప్రపంచం మళ్లీ ఆ దారి వెతుకుతోంది

క్రో డాగ్ పోయిన చాలాకాలానికి తెల్లవాళ్ల దేశాల్లోని కోర్టులే ఒక సంగతి గమనించాయి. జైళ్లలో ఆదివాసులు వాళ్ల జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువగా ఉన్నారు. జైలుకు వెళ్లి వచ్చినవాళ్లు మళ్లీ జైలుకే వస్తున్నారు.

న్యూజిలాండ్‌లో 1989లో ఒక చట్టం వచ్చింది. పిల్లలు నేరం చేస్తే రెండు పక్షాల కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి అందులో పెట్టారు. మావోరీ ప్రజల ఆచారం దానికి ఒక ఆధారం. అమెరికాలో నవాహో జాతి 1982లో తమ పాత శాంతి సభలను తమ కోర్టుల్లో భాగం చేసుకుంది. కెనడాలో 1992 నుంచి కొందరు జడ్జీలు నేరస్థుణ్ణి, బాధితులను, పెద్దలను వలయంగా కూర్చోబెట్టి శిక్ష గురించి అందరితో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆదివాసీ నేరస్థుడికి శిక్ష వేసేముందు అతని జీవిత నేపథ్యం చూడాలని, జైలు కాకుండా వేరే దారి ఉందేమో ఆలోచించాలని అక్కడి సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2002లో మొదలైన కూరీ కోర్టుల్లో మేజిస్ట్రేటు పక్కన ఆదివాసీ పెద్దలు కూర్చుంటారు. నేరం ఒప్పుకున్నవాడితో వాళ్లు నేరుగా మాట్లాడతారు. అలా వెళ్లినవాళ్లు చాలామంది జైలు కంటే తమ పెద్దల కళ్లలోకి చూడడమే కష్టమని చెబుతారు.

ఈ పద్ధతుల మీద విమర్శ కూడా ఉంది. కెనడాలో ఆదివాసీ మహిళలే ముందు ప్రశ్నించారు. భార్యను కొట్టినవాడికి ఊరి పెద్దలంతా చుట్టాలే అయితే, ఆ వలయంలో ఆమె గొంతు ఎవరు వింటారని అడిగారు. ఆ ప్రశ్నను మనమూ తప్పించుకోలేం.

మన గూడెం మాట

మన దేశంలో 1996లో పెసా చట్టం వచ్చింది. ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో ఆచారాలను, ఉమ్మడి వనరులను, తగాదాలు తీర్చుకునే సంప్రదాయ పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని ఆ చట్టం గుర్తించింది. లకోటాల నుంచి 1885లో లాక్కున్నదాంట్లో కొంతైనా మన చేతిలో చట్టం రూపంలో ఉంది. దాన్ని వాడుకుంటున్నామా, పాడుచేసుకుంటున్నామా అన్నదే ప్రశ్న.

భూమి గట్టు తగాదా, పశువులు చేను మేసిన గొడవ, అన్నదమ్ముల పంపకం, తాగి కొట్టుకున్న రగడ లాంటివి పెద్దల దగ్గర తీరితే ఎంత మేలో మీకు తెలుసు. పోలీస్ స్టేషన్‌కు వెళితే పట్టణం చుట్టూ తిరగాలి, కూలి పోతుంది, వకీలుకు మేక అమ్మాలి, చివరకు గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే గూడెంలో ముఖం తిప్పుకుని బతకాలి.

అయితే మూడు మాటలు నిజాయితీగా ఒప్పుకుందాం.

మొదటిది, హత్య, అత్యాచారం, పిల్లల మీద అఘాయిత్యం వంటి నేరాలు చట్టం ప్రకారం పంచాయతీలో తీరేవి కావు. అమ్మాయి మీద అఘాయిత్యం జరిగితే తప్పు కట్టించి నోరు మూయించడం మన సంప్రదాయం కాదు, మన సిగ్గు. అక్కడ కేసు పెట్టించడమే పెద్దరికం.

రెండోది, చేతబడి చేసిందని ఒక ముసలామెను నిలదీసి జరిమానా వేసే పంచాయతీకి, డెడ్‌వుడ్ జ్యూరీకి తేడా లేదు. ముందే తీర్పు రాసుకుని కూర్చున్నవాళ్లు న్యాయం చేయలేరు.

మూడోది, ఆడవాళ్లు, యువకులు కూర్చోని సభ పూర్తి సభ కాదు. తప్పు డబ్బు సారాకు పోతే, నష్టపోయిన ఇంటికి చేరకపోతే అది రాజీ కాదు, దోపిడీ. లకోటాల గుర్రాలు పెద్దల పశువుల కొట్టంలోకి పోలేదు, ఏడుస్తున్న ఇంటికి పోయాయి.

అందుకే మీతో ఒక మాట. ఈసారి మీ గూడెంలో పెద్దలు కూర్చున్నప్పుడు ఫోన్ పట్టుకుని దూరంగా నిలబడకండి. చాప మీద కూర్చోండి. మీ ఊళ్లో పాతకాలంలో ఏ తగాదా ఎలా తీర్చారో తాత, నానమ్మల దగ్గర అడిగి రాసిపెట్టండి. తీర్పును గ్రామసభ రిజిస్టరులో రాయించండి. మీ అక్కచెల్లెళ్లను సభకు తీసుకురండి. చట్టం చదివినవాళ్లు ఏది సభలో తీరుతుందో, ఏది కోర్టుకు పోవాలో పెద్దలకు వినయంగా చెప్పండి.

క్రో డాగ్ ఒక ఘోరమైన తప్పు చేశాడు. ఆయన జాతి ఆ తప్పును దాచలేదు, ఆయనను పారేయనూ లేదు. తప్పు ఒప్పించి, బరువు మోయించి, తమ మధ్యే బతకనిచ్చింది. చివరికి అదే మనిషి ఒక చలికాలపు రోజు దుప్పటి కప్పుకుని నేల మీద కూర్చుని, తన వాళ్ల చేతుల్లోని తుపాకులను దింపించాడు. ఉరి తీసి ఉంటే ఆ రోజు ఆ శిబిరంలో ఆయన ఉండేవాడు కాదు.

స్పాటెడ్ టెయిల్‌కు, వూండెడ్ నీలో ఒరిగిన తల్లులకు, బిడ్డలకు, పగను ఆపిన ఆ పేరు తెలియని లకోటా పెద్దలకు మన జోహార్లు.

జై ఆదివాసీ.